కాలువ కట్టేసిన ఏప్రిల్

బందరు కాలువ మీద మనుషులు నడిచే వంతెన దగ్గర సగానికి కోసిన నీలం డ్రమ్ము ఒకటి ఉంది. ఆటోనగర్‌లో షెడ్డున్న జాన్‌బాబు కోసి తెచ్చాడు. పెట్టించింది గోపాలకృష్ణ మాస్టారు. నాలుగేళ్లుగా ఆదివారాలు ఆయన అక్కడే నిలబడి, పూజ పూలు కాలువలో వేసేవాళ్లని ఆపేవారు.

"కవర్ విప్పండమ్మా. పూలు డ్రమ్ములో, కవర్ నా చేతికి."

"మా ఆయన మాట కూడా ఇంత ఇదిగా వినలేదు నేను," అనేది పూలమ్మే మాణిక్యం, విప్పుతూనే. ఆ పూలు ఎరువై గట్టు మీది కానుగ మొక్కలకి వెళ్లేవి.

ఏప్రిల్‌లో మాస్టారు పోయారు. ఆయన తలగడ, బట్టలు పారే నీళ్లలో వదలాలన్నారు పెద్దవాళ్లు. కూచిపూడి నుంచి వచ్చిన తమ్ముడు విఠల్ అన్నీ ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి ముడేసి, తెల్లవారకముందే వంతెన మీంచి వదిలాడు. పైన నీళ్లాపి కాలువ కట్టేసి రెండు రోజులైంది. అడుగున మిగిలిన నీళ్లు మెరిస్తే పారుతున్నాయనుకున్నాడు. వెనక్కి చూడకూడదంటారు. చూడలేదు.

ఏటా కాలువ కట్టేశాక కాలనీవాళ్లు దిగి చెత్త తీస్తారు. ఆ ఆదివారం మాస్టారి భార్య హైమవతీ వెళ్లింది. ఇంట్లో ఏం చేయాలో తోచలేదు. చేతుల్లో ఆయన గ్లౌజులున్నాయి.

డ్రమ్ముకి సరిగ్గా కింద, బురదలో సంచి. లోపల ఆవిడ కుట్టిన నీలం తలగడ గలీబు కనిపిస్తోంది. చుట్టూ అంతా శుభ్రం చేసి దాన్నొక్కదాన్నీ వదిలేశారు.

"అది అలా ఉండనీయండి మేడమ్. జూన్‌లో నీళ్లొస్తే పోతుంది," అన్నాడు కాలనీ సెక్రటరీ దుర్గాప్రసాద్, ఆవిడ వైపు చూడకుండా.

ఆయన డ్రమ్ము కింద ఆయన కవర్, రెండు నెలలు. హైమవతి అదే అనుకుంది. ఏడుపు రాలేదు.

"నాకు పట్టింపుల్లేవమ్మా, నేను తీస్తాను," జాన్‌బాబు కొక్కెం కర్ర చాపాడు.

"చిరుగుతుంది. ఆగు బాబూ."

చెప్పులు విడిచి దిగింది. బురద చల్లగా ఉంది. సంచిని వంతెన నీడలోకి లాక్కొచ్చి ముడి విప్పబోయింది. విఠల్ గట్టిగా వేశాడు. వేళ్లు ఆడలేదు.

ఎవరో పక్కన బురదలోకి దిగిన చప్పుడు. మాణిక్యం, దండలు కత్తిరించే కత్తెరతో.

"నువ్వెందుకు దిగావు? ఇంటికెళ్లి తలస్నానం చేయాలి మళ్లీ."

"చేస్తాలెండి. ఎలాగూ ఉడికిపోతోంది." ముడి కోసి, "కవర్ నా చేతికి," అంది.

హైమవతి ఇచ్చింది.

తలగడలో బూరుగు దూది ఒకవైపు తడిసి ముద్దయింది. గట్టెక్కి కుట్టు విప్పి, గుప్పెళ్లతో తీసి, డ్రమ్ములో వాడిన బంతిపూల మీద వేసింది. తర్వాత దుర్గాప్రసాద్ తట్టెత్తుకుని అవతలి పక్కకి వెళ్లాడు.

బట్టలూ గలీబూ ఇంటికి తెచ్చి ఉతికింది. రెండు చొక్కాలు, ఒక పంచె. ఎండ గట్టిగా ఉంది, మధ్యాహ్నానికే ఆరాయి. మడతపెట్టింది.