మా అమ్మ నలుపు, గంగులప్ప బొగ్గు

మీ ఇంటి గోడ మీద ఉన్న మీ అమ్మ పటం చూపించి, ఇది మా అమ్మ ముఖమేనని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? నేను చెప్పలేను. దానికి విధిని నిందించడం నాకు చేతకాదు, విధి లేదని నలభై ఏళ్లుగా వాదిస్తున్నవాణ్ణి. తప్పు నాది.

పోయిన వారం కుప్పంలో మా పక్కింటివాళ్లు తలుపులకు రంగు వేయించుకున్నారు. పొద్దున కాఫీ గ్లాసుతో వరండాలోకి వస్తే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. ముక్కులో మొదలై గొంతులోకి దిగే ఘాటు. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మదనపల్లె బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద, ఒక చిన్న గది నిండా ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. అందులో ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చనిపోయినవాళ్ల ముఖాలు గీస్తుండేవాడు గంగులప్ప.

ఆయన పేరు మీరు విని ఉండరు. పుంగనూరు పక్క మెట్ట పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు పొయ్యిలోని బొగ్గు తీసుకుని బండల మీద గొర్రెల్ని గీసేవాడట. బొమ్మ చూసి, ఇది ఫలానావాళ్ల గొర్రె అని ఊళ్లో గుర్తుపట్టేవారట. తర్వాత మదనపల్లెలో బోర్డులు రాసే ఒకాయన దగ్గర చేరి ఎనామిల్ నేర్చాడు. ఫోటో స్టూడియోలో నలుపు తెలుపు ఫోటోలకు నీటిరంగులు అద్దాడు. చివరికి ఆయిల్ పెయింట్‌లోకి వచ్చాడు. ఒక్కో రంగు గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఎనామిల్‌కు తొందరెక్కువ, ఆలోచించుకోనివ్వదు. నీటిరంగుకు అలకెక్కువ, ఒకసారి తప్పు చేస్తే మళ్లీ దగ్గరికి రానివ్వదు. ఆయిల్ మంచిది, ఎన్నిసార్లు దిద్దినా ఓర్చుకుంటుంది, ఏం చెప్పినా వింటుంది, అందుకే దాన్ని పూర్తిగా నమ్మకూడదు. "బొగ్గొకటేప్పా మన మాట ఇననిది" అనేవాడు. "ఉండేది ఉండేటట్టే సెప్తాది."

నేను ఆయన దగ్గరికి వెళ్లింది బ్యానర్ల కోసం. మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికితే జాతకాల మీద, వాస్తు మీద, కులం మీద చర్చాసభలు పెట్టే రోజులవి. నా నినాదాలను ఆయన ఎర్ర ఎనామిల్‌తో గుడ్డ మీద రాసేవాడు. రాస్తూ, నా అక్షరాలకు కోపం ఎక్కువనీ, చదవాలంటే జనం రెండడుగులు వెనక్కి పోవాల్సి వస్తుందనీ ఎగతాళి చేసేవాడు. బ్యానర్ ఆరేదాకా నేను అక్కడే కూర్చుని ఆయన పని చూసేవాణ్ణి. గుర్తింపు కార్డు మీది వేలెడంత ఫోటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద కాగితం మీద గీసి, బొగ్గుపొడిని చుట్టిన కాగితంతో రుద్దుతూ, వెలుతురు పడేచోట రబ్బరుతో తీస్తూ ముఖం తెచ్చేవాడు. పటం అడగడానికి వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, పోయినావిడ ఎట్లా నవ్వేది, కోపమొస్తే ముక్కెగరేసేదా, మాట్లాడకుండా ఉండేదా అని అడిగేవాడు. వాళ్లు అన్నీ చెప్పి, లేచి పోయేముందు గొంతు తగ్గించి ఒక మాట అనేవారు. కొంచెం చాయ పెంచండి. ఆ మాట అననివాళ్లను నేను చూడలేదు. కూలివాళ్లూ అన్నారు, టీచర్లూ అన్నారు.

ఒకరోజు ఉండబట్టలేక, ఇది మోసం కాదా అన్నా అని అడిగాను. ఆయన బ్రష్ తుడుచుకుంటూ నిదానంగా చెప్పాడు. "ఆయమ్మ బతికినన్నాళ్లూ నలుపని తిట్లు తినిండాది. సచ్చినాకైనా తెల్లగా ఉండనీ అంటాండారు బిడ్డలు. కాదనేదానికి నేనెవుర్ని?"

"అయితే అబద్ధం గీస్తావా?"

"ఆయిల్లో గీస్తా. బొగ్గులో గీయను."

నేను ఊరుకోలేదు. తెల్లతోలు మీద మన సమాజానికున్న భక్తిని చీల్చి చెండాడుతూ ఒక వ్యాసం రాశాను. ఒక మాసపత్రిక వేసింది, ఉత్తరాలు కూడా వచ్చాయి. పత్రిక తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదివాడు. బాగుందన్నాడు. పత్రిక మడిచి ఇస్తూ, "దీంట్లో అందురూ ఉండారు గానీ, నువ్వు యాడా లేవేప్పా" అన్నాడు. నవ్వేశాను. రాసినవాణ్ణి నేనే కదా, నేను అందులో ఎందుకుంటానని అనుకున్నాను.

మా అమ్మ మునెమ్మ పుంగనూరు పక్క పొలాల్లో కూలికి పోయేది. ఒకసారి నాకోసం ఉడకేసిన శనక్కాయలు మూటగట్టుకుని మదనపల్లె వచ్చి, నేను గదిలో లేకపోతే వెతుక్కుంటూ గంగులప్ప అంగడికి వచ్చింది. ఆయన ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, శనక్కాయలు తింటూ, మాటల్లో పెట్టి, పది నిమిషాల్లో బొగ్గుతో ఆమె ముఖం గీసేశాడు. అమ్మ కాగితం చేతికి తీసుకుని చాలాసేపు చూసింది. "ఏమప్పా, నేనింత నల్లగా ఉండానా?" అంది.

"ఇంకా నలుపే ఉండావు మా. నా కాడ బొగ్గు సాలలేదు" అన్నాడాయన.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తన ముఖం తనకు నచ్చడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బొగ్గు చేతికంటుతుందనీ, స్పిరిట్‌లో కరిగించిన లక్క చల్లితే నిలుస్తుందనీ, రేపటిదాకా పటాన్ని తన దగ్గరే ఉంచమనీ ఆయన చెప్పాడు. మరుసటి రోజు నాకు వాయల్పాడులో సభ ఉంది. తర్వాత చల్లుదాంలే అన్నాను. బస్సులో అమ్మ దాన్ని తాను పట్టుకుంటానంది. నీ చెమట చేతులకు చెరిగిపోతుందని చెప్పి, చుట్ట చుట్టి నా సంచిలో కరపత్రాల మధ్య కుక్కాను. ఆ తర్వాత ఇంటికి వెళ్లినప్పుడల్లా, ఆ పటం యాడ పెట్టినావప్పా అని అడిగేది. ఫ్రేము కట్టిస్తానమ్మా అనేవాణ్ణి. నాలుగేళ్లు అడిగింది. ఐదో ఏడు అడగడానికి ఆమె లేదు.

కర్మకాండ ఏదీ చేయలేదు. బదులుగా కుప్పంలో, నేను కొత్తగా కట్టుకున్న ఇంటి ముందే సంస్మరణ సభ పెట్టాను. పెద్దవాళ్లు వస్తున్నారు. వేదిక మీదికి పటం కావాలి. అమ్మకు ఫోటో అంటూ ఉన్నది ఓటరు కార్డులోదే, అందులో ముఖం కంటే మచ్చే ఎక్కువ. అటక మీద పడేసిన బొగ్గుపటం చుట్ట తీసుకుని మదనపల్లె పోయాను. గంగులప్ప దాన్ని బల్ల మీద విప్పాడు. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. ఒక చెవి, కొంగు అంచు మాత్రం మిగిలాయి. తాను ఆ పొద్దే లక్క చల్లి ఉండాల్సిందని తప్పంతా తన మీద వేసుకున్నాడు. తర్వాత, "ఆయమ్మ మొగం నాకింకా కండ్లల్లో ఉండాది. అది సేతిలోకి దిగేదానికి రెండు వారాలియ్యి, బొగ్గుతోనే గీసిస్తా" అన్నాడు.

నేనేమన్నానో రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. సభ ఆదివారమే అన్నాను. బొగ్గు వద్దు, దూరానికి కనపడదు, ఆయిల్ వేయమన్నాను. పట్టుచీర కట్టమన్నాను, మెడలో గొలుసు వేయమన్నాను. లేచి పోయేముందు గొంతు తగ్గించి, కొంచెం చాయ పెంచన్నా అన్నాను.

ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. నా వ్యాసం గుర్తు చేయలేదు. "ఆయిల్లో అయితే గీస్తా" అని మాత్రం అన్నాడు.

పటం అద్భుతంగా వచ్చింది. దాని ముందు నిలబడి నేను వర్ణం గురించి, శ్రమ గురించి అరగంట మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక, అమ్మతో కలిసి కలుపు తీసిన ముసలమ్మ ఒకామె, పుంగనూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చినామె, పటం దగ్గరికి వచ్చి నిలబడింది. అటూ ఇటూ చూసి నన్ను అడిగింది. "ఈయమ్మ ఎవురప్పా? మన మునెమ్మ పటం యాడుండాది?"

ఆమెకు భోజనం పెట్టించి బస్సెక్కించాను.

అప్పుడైనా పరుగెత్తాల్సింది. సిగ్గు అడ్డం వచ్చింది. సిగ్గు పోయాక పని అడ్డం వచ్చింది. ఈలోగా ఫ్లెక్సులు వచ్చాయి. గంగులప్ప కంప్యూటర్ నేర్చుకుందామని కొన్నాళ్లు తిరిగాడు. మౌసు పట్టుకుంటే తడి సబ్బుబిళ్ల పట్టుకున్నట్టుందని నవ్వుతూ మానేశాడు. అంగడి మూసి పలమనేరులో కూతురి దగ్గరికి చేరాడు. నేను వెళ్లేసరికి షుగర్ ఆయన కళ్లను తినేసింది. రంగులన్నీ పోయాయి, వెలుతురూ నీడా మాత్రం తెలుస్తున్నాయి. నా గొంతు గుర్తుపట్టి, నేను అడగకముందే, అమ్మను గీద్దామా అన్నాడు. కూతురు కాగితం, బొగ్గు తెచ్చిచ్చింది. ఎడమచేత్తో కాగితం అంచులు తడుముకుంటూ కుడిచేత్తో ఒక గీత గీశాడు. దవడ వంపు. అది మా అమ్మదే. తర్వాత చెయ్యి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఆగిపోయింది. బొగ్గు పక్కన పెట్టేసి, "మొన్నమొన్నటిదాకా ఉన్నిందప్పా, పాయె" అన్నాడు. తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. తల దించుకోవాల్సినవాణ్ణి నేను.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ ఒక్క గీత ఉన్న కాగితానికి లక్క చల్లించి నా బల్ల ముందు పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ వ్యాసం రాసినా మొదటి పేరాలో నా తప్పేదో రాసుకుంటాను, తర్వాతే ఊరి తప్పు ఎత్తుకుంటాను. కొందరికది వినయంలా కనిపిస్తుందట. కాదు, భయం. మూఢనమ్మకం ఎదుటివాడి ఇంట్లో మాత్రమే ఉంటుందని నమ్మడం నేను చూసిన మూఢనమ్మకాలన్నిటిలోకీ పెద్దది. దానికి మూల్యంగా మా అమ్మ ముఖాన్ని ఇచ్చుకున్నాను.

మీ అమ్మ ఉంటే, ఈ పుస్తకం మూసి ఆమె దగ్గరికి పోండి. పనిలోంచి వచ్చినదాన్ని వచ్చినట్టే, చెమటతోనే, వెలుతురులో కూర్చోబెట్టండి. మీ ఫోన్‌లో ముఖాల్ని తెల్లబరిచే ఆ మాయ ఏదుందో దాన్ని ఆపేయండి. ఆమెను నవ్వించండి. అప్పుడు ఫోటో తీయండి. రేపు కాదు, ఇప్పుడు లేవండి.