రాజుగారి కోటులో దూది

మా అక్క జ్ఞానకుమారిని మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు చాలామంది గుర్తుపడతారు, కానీ తప్పుగా. "రెస్టారెంటులో ఓనర్ని కొట్టించిన ఆవిడ కదూ?" అంటారు. చర్చిలో నేను పక్కనుంటే గొంతు తగ్గిస్తారు. నాకు ఎడమ చెవి వినపడదని అందరికీ తెలుసు. కుడి చెవి శుభ్రంగా పనిచేస్తుందని మాత్రం మరిచిపోతుంటారు. అక్క గురించి ఉన్నదున్నట్టు చెప్పగలిగింది నేనొక్కణ్ణే. మూడేళ్ళుగా నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే.

మాది నరసాపురం. అక్కడ మా క్రైస్తవుల ఇళ్ళలో ఆడపిల్ల చేతికి బలపం కంటే ముందు లేసు సూది వస్తుంది. కొనకు చిన్న కొక్కెం ఉండే సూది. అమ్మ మాకిద్దరికీ నేర్పింది. మగపిల్లాడికెందుకమ్మా అని ఎవరన్నా వినలేదు. అమ్మకు ఒక్కటే పట్టుదల: అల్లిక తప్పితే కత్తెర పెట్టకూడదు. చివరి ముడి వెతికి, దారం తెగకుండా విప్పి, రెండు వేళ్ళ మీద ఎనిమిది అంకెలా చుట్టి, విప్పిన చోటే దోపాలి. మళ్ళీ ఆ పనికి ఆ దారమే వాడాలి. నేను తిన్న మొట్టికాయల్లో సగం దారం తెంపినందుకే.

1987లో, అప్పటికే మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మా ఎలియాజర్ అంకుల్ స్పాన్సర్ చేస్తే ఇద్దరం ఇక్కడికి వచ్చాం. అక్కకు ఇరవై నాలుగు, నాకు ఇరవై. ఏడాది తిరక్కముందే ఇద్దరికీ ఒకే చోట పని దొరికింది. దాని పేరు వెర్సాయ్ హాల్. పాత ఉన్ని గోడౌనుకి అద్దాలూ షాండిలియర్లూ తగిలించి ఫ్రెంచి రాజుల దర్బారు చేశారు. జనం టికెట్టు కొనుక్కుని వచ్చి, భోంచేస్తూ నాటకం చూస్తారు. మేమంతా రాజుగారి కొలువు. అక్క దుస్తులు కుట్టేది. నేను తెల్లవిగ్గు పెట్టుకుని, పట్టు లాగు తొడుక్కుని సూపు వడ్డించేవాణ్ణి. నా ఫోటో చూసి అమ్మ, "క్రిస్మస్ నాటకమా నాయనా?" అని రాసింది.

ఓనరు రోలండ్. రాజు వేషమూ అతనిదే. అయితే షో అయిపోయాక కూడా అతను రాజుగానే ఉండేవాడు. ఆఫీసు తలుపు తట్టకూడదు, ఎడమచేతి చిటికెన వేలి గోటితో గీరాలి. ఫ్రాన్సులో అసలు వెర్సాయ్ కోటలో అలాగేనట. అతనికి వీపు చూపకూడదు. మూడడుగులు వెనక్కి నడిచి, వంగి, అప్పుడు తిరగాలి. చేతిలో ఎప్పుడూ వెండి పిడి ఉన్న చేతికర్ర ఉండేది. మొదట్లో వంటగదిలో అతన్ని వెక్కిరించి కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం.

1989 ఏప్రిల్లో ఆ నవ్వు ఆగిపోయింది. ఉబైద్ అని హైదరాబాదు నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు మా దగ్గర గిన్నెలు కడిగేవాడు. ఒకరోజు కంగారులో ఆఫీసు తలుపు తట్టాడు. రోలండ్ తలుపు తీసి, "గీరడం రాదా?" అని, ఉబైద్ చెయ్యి లాగి సందులో పెట్టి తలుపు మూసేశాడు. ఆ అరుపు డైనింగు హాలు దాకా వినపడింది. రెండు గోళ్ళు ఊడి గడప దగ్గర పడ్డాయి. స్టూడెంట్ వీసా మీద ఉండి పరిమితికి మించి పనిచేస్తున్నాడు కాబట్టి వాడు పోలీసుల దగ్గరికి వెళ్ళలేడు. ఆ సంగతి రోలండ్‌కి బాగా తెలుసు.

మే నెలలో నా వంతు వచ్చింది. సూపు తొణుకుతోందని తొందరపడి, రాజుగారికి వీపు చూపించాను. కర్ర పిడితో ఎడమ చెవి మీద కొట్టాడు. నేను పడిపోయాక ఇంకోసారి కొట్టాడు. నెత్తురు మెడ చుట్టూ ఉన్న లేసు కాలరులోకి దిగింది. అది అక్క పదకొండు రోజులు అల్లిన కాలరు.

అక్క నన్ను హాస్పిటల్‌కి తీసుకువెళ్ళింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆఫీసు తలుపు మీద పిడికిలితో బాదింది. "యూ హిట్ మై బ్రదర్. సే సారీ" అంది. అతను చేతికర్ర ఆమె గడ్డం కింద పెట్టి తల పైకెత్తి, చాలాసేపు నవ్వాడట. అక్క ఇంటికి వచ్చి ఆ కాలరు ఉప్పునీళ్ళలో నానబెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాణ్ణి చంపేస్తాను" అన్నాను.

"చంపేసి? జైలుకెళ్తావా? ఒరే లాజరూ, నా మాట వినరా. బ్రైడల్ షాపోళ్ళు నా లేసు చూశారు. ఆగస్టు ఫస్టుకి జాయినవ్వమన్నారు. నీకూ స్టోర్సులో జాబిస్తామన్నారు. రెండు నెల్లు, అంతే. కళ్ళు మూసుకుంటే అయిపోద్ది."

"నా చెవి?"

"నీ చెవి నేను తేలేను నాయనా. నా చేతులున్నాయి కదా, ఇద్దరం బతుకుదాం" అంది.

ఆ చేతులే మా ఆస్తి. ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా చెవికెక్కలేదు, కుడి చెవికి కూడా.

ఇక వంటగది సంగతి. హెడ్ కుక్ గేతాన్, మారిషస్ మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, మెత్తని మాట. ఉబైద్ చేతికి కట్టు కట్టింది అతనే. జులై పధ్నాలుగుకి ఫ్రెంచి విప్లవానికి రెండొందల ఏళ్ళు నిండుతాయని రోలండ్ ఆ శుక్రవారం మధ్యాహ్నం స్పెషల్ షో పెట్టాడు. ప్రతి షోలో లాగే చివరి సీనులో పేద జనం మీదపడి రాజును చావబాదుతారు. జనం అంటే మేమే, వంటవాళ్ళమూ వడ్డించేవాళ్ళమూ. మా చేతుల్లో స్పాంజి చుట్టిన కర్రలు. అవి కూడా తగలకుండా రాజుగారి కోటు లోపల వీపుకీ పక్కటెముకలకీ అరచెయ్యి మందం దూది దిండ్లు. ప్రతి షోకి అక్క అవి విప్పి, ఎండబెట్టి, మళ్ళీ కుట్టేది.

గేతాన్ ఆలోచన చాలా సులువైంది. శుక్రవారం కర్రల మీద స్పాంజి ఉండకూడదు, కోటులో దూది ఉండకూడదు.

బుధవారం అతను అక్క దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో సంగతంతా చెప్పాడు. భయం వేసినా కోపం వచ్చినా అక్కకు ఇంగ్లీషు పారిపోతుంది. "అమ్మో, నా వల్ల కాదు. కాదు, కాదు" అంది. గేతాన్ వాళ్ళ భాషలో 'కదో' అంటే కానుక. అతని మొహం విప్పారింది. "కదో?" అని మళ్ళీ అడిగాడు. తన మాటే తిరిగి అడుగుతున్నాడనుకుని, "ఆఁ, కాదు" అని గట్టిగా చెప్పింది. అతను ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయాడు. కాదన్నా మర్యాదగా వెళ్ళాడు, పెద్దమనిషి అనుకుంది అక్క.

గేతాన్ నేరుగా నా దగ్గరికొచ్చి, "మీ అక్క ఒప్పుకుంది. డబ్బులేమీ వద్దంది. ఇది నా కానుక అంది, కదో అంది" అని చెప్పాడు.

నేను తెలుగువాణ్ణి. ఆ 'కదో' ఏమిటో నాకు తట్టాలి. తట్టబోయింది కూడా. నేనే తట్టనివ్వలేదు. ఇంటికెళ్ళి అక్కను ఒక్క మాట అడిగితే పోయేది, అడగలేదు.

శుక్రవారం పదకొండింటికి రాణి వేషం అమ్మాయి చేతి లేసు చిరిగిందని అక్కను పిలిచారు. "రాజుగార్ని నువ్వు తయారుచెయ్యరా. కోటు రెడీగా ఉంది" అని చెప్పి వెళ్ళింది. కోటు తీసి లోపల తడిమాను. దూది ఉంది. ఎప్పుడూ ఉండే దాని మీద ఇంకో పొర కూడా కొత్తగా కుట్టి ఉంది.

ఒప్పుకున్న మనిషి రెండో పొర ఎందుకు వేస్తుంది? ఆలోచించాను. మరిచిపోయాను, కంగారుపడ్డాను అని తరవాత నాకు నేను చెప్పుకున్నవన్నీ అబద్ధాలు. ఆలోచించాను, అర్థమైంది, అర్థమయ్యాకే అక్క సూది తీసుకుని విప్పాను. నాలుగు నిమిషాలు పట్టింది. కోటు ఉబ్బుగా కనిపించాలని దూది బదులు నెట్ గుడ్డ పీలికలు కూరి పైపైన కుట్టేశాను. రోలండ్ వచ్చి చేతులు చాపాడు. కోటు తొడిగి, మూడడుగులు వెనక్కి నడిచి, వంగి దణ్ణం పెట్టాను.

హాలు నిండా జనం. కాల్చిన మాంసం, రెడ్ వైను. చివరి సీనుకి పన్నెండుమందిమి లోపలికి పరుగెత్తాం. చేతుల్లో గొడ్డలి కామలు, విరిచిన కుర్చీ కాళ్ళు. మొదటి దెబ్బ గేతాన్‌ది, భుజం మీద. రెండోది ఉబైద్, మానని చేత్తోనే. మూడోది నాది, పక్కటెముకల మీద. లోపల ఏదో విరిగింది, నా అరచేతికి తెలిసింది. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. ఇంకోటి కొట్టాను.

"చాలు, అబ్బాయిలూ, ఆపండి" అన్నాడు రోలండ్. జనం నవ్వారు. మోకాళ్ళ మీద పడ్డాడు. విగ్గు ఊడింది. బట్టతల మీద కుర్చీ కాలు పడితే చర్మం చీలి కళ్ళలోకి నెత్తురు కారింది. ముందు బల్ల దగ్గర ఒకావిడ ఎంత సహజంగా ఉందోనని చప్పట్లు కొట్టింది. అతను దగ్గితే నోట్లోంచి నెత్తురు వచ్చి తెల్ల బల్లగుడ్డ మీద పడింది. జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

దూది మీద కర్ర పడితే వచ్చే చప్పుడు అక్కకు తెలుసు. ఇది అది కాదని తెర వెనక నుంచే తెలిసిపోయింది. పరుగెత్తుకొచ్చి జనానికేసి రెండు చేతులూ ఊపుతూ అరిచింది.

"ఆట కాదు! ఇది ఆట కాదు! కాదు!"

"కదో!" అని గర్జించాడు గేతాన్, ఆమె ఉత్సాహపరుస్తోందనుకుని. "కదో! కదో!" అని మావాళ్ళంతా అందుకున్నారు. అర్థం తెలియకుండానే హాలులో జనం కూడా బల్లలు బాదుతూ "కదో, కదో" అని పాడారు. అక్క ఎంత అరిస్తే వాళ్ళు అంత కొట్టారు. ఆ గోలలో తెలుగు అర్థమయ్యేవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కర్ర పట్టుకుని నిలబడిపోయాను.

అప్పుడు అక్క రోలండ్ మీద బోర్లా పడి, అతని తల మీద తన కుడిచెయ్యి వేసి కప్పింది. గేతాన్ కర్ర అప్పటికే గాల్లో ఉంది. ఆపబోయాడు, ఆగలేదు. ఆమె వేళ్ళు అతని తలకీ కర్రకీ మధ్య నలిగిపోయాయి. ఆ చప్పుడు నా చెవిలోంచి ఈ రోజుకీ పోలేదు.

రోలండ్ బతికాడు. నాలుగు ఎముకలు విరిగి, ఊపిరితిత్తి చిల్లుపడి, రెండు నెలలు హాస్పిటల్లో ఉన్నాడు. ఆమె చెయ్యి అడ్డు లేకపోతే ఆ దెబ్బకే పోయేవాడని డాక్టర్లు కోర్టులో చెప్పారు.

మర్నాడు పొద్దున వార్డుకి డిటెక్టివ్ వచ్చాడు. నేను మంచం పక్కన ఉన్నాను. కోటులోంచి దూది తీసిందెవరని అడిగాడు. ఒక చిన్న ప్లాస్టిక్ సంచీ చూపించాడు, కోటు అస్తరులో దోపి ఉందట. లోపల దారం ఉంది. ఎక్కడా తెగకుండా, ఎనిమిది అంకెలా చుట్టిన దారం.

నాకు తెలియకుండా నా వేళ్ళు చేసిన పని అది. మనిషిని చంపడానికి దూది తీస్తూ కూడా, అమ్మ చెప్పినట్టే విప్పి, చుట్టి, విప్పిన చోటే దోపాను.

అక్క ఆ సంచీ కేసి చూసింది. తరవాత నా కేసి చూసింది. తరవాత డిటెక్టివ్‌తో, "ఐ డిడ్ ఇట్. ఓన్లీ మీ" అంది. నేను నోరు తెరవబోతే తెలుగులో, "నోర్ముయ్యరా" అంది. నేను నోరు మూసుకున్నాను. అంత తేలిగ్గా మూసుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేను.

ఆమె ఒప్పుకుందని గేతాన్ కూడా కోర్టులో చెప్పాడు. పాపం, అతను నమ్మిందే చెప్పాడు. అతనికి నాలుగేళ్ళు పడింది. ఉబైద్‌ని శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేశారు. పక్కన నిలబడి ఊరుకున్నాడని సాక్షులెవరో చెబితే నేను చిన్న శిక్షతో బయటపడ్డాను. దూది తీసిన మనిషే మళ్ళీ ఎందుకు అడ్డం పడిందో జడ్జికి అంతుపట్టలేదు. చివరి క్షణంలో పశ్చాత్తాపపడింది అని రాసి, జైలు తప్పించి, రెండేళ్ళ సత్ప్రవర్తన షరతు పెట్టాడు. బ్రైడల్ షాపువాళ్ళు ఆ ఆగస్టులోనే వద్దన్నారు. కుడిచేతి మూడు వేళ్ళు ఇక వంగవు కాబట్టి పిలిచినా వెళ్ళేది కాదు. ఇప్పుడు ఊరి శివార్లలో డాండినాంగ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ దుప్పట్లు ఉతుకుతుంది. ఈ మూడేళ్ళలో దూది సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక, అమ్మ పంపిన పాత లేసు బల్లగుడ్డ ఒకటి బయటికి తీసింది. ఒక పువ్వు తప్పు అల్లి ఉంది.

"ఇది విప్పిపెట్టరా. నా వేళ్ళు రావు."

నేను సొరుగులోంచి కత్తెర తీశాను.

"కత్తెరెందుకు? నువ్వు దారం తెంపవుగా" అంది.

కత్తెర మళ్ళీ సొరుగులో పెట్టేశాను. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అక్కా, నువ్వు రెండో పొర వేశావు. నేను చూశాను. నువ్వు కాదన్నావని తెలిసే తీశాను" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"తెలుసురా" అంది. "ఆ సంచీలో దారం చూసినప్పుడే తెల్సింది. ఇంత పని చేశాడు నా తమ్ముడు అని గుండె పగిలిపోయింది. మళ్ళీ, అమ్మ చెప్పింది ఒక్కటైనా మర్చిపోలేదు వీడు అనిపించింది. ఆ ఒక్కటీ పట్టుకునే నేనే చేశానన్నాను."

వంగని వేళ్ళతోనే లేసు సూది నా కేసి తోసింది. నేను చివరి ముడి వెతికి పట్టుకున్నాను. కళ్ళు మసకబారి మొదటి కుట్టు చాలాసేపు ఊడిరాలేదు. ఆమె బల్ల మీద చెయ్యి పెట్టి, దారం తెగకుండా వస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది.