పెదబాబు గారి ఎర్ర అరచెయ్యి

ఒక వస్తువు గొప్పదని నమ్మడానికి ఆ రోజుల్లో నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు, అది నా చేతికి వస్తే చాలు. డిగ్రీ అయిన ఏడాది జగ్గయ్యపేటలో ఒక ఎండుమిర్చి వ్యాపారి దగ్గర కంప్యూటరు పనికి కుదిరాను. ఆయన్ని చిన్నా పెద్దా అందరూ పెదబాబు గారనేవాళ్లు. ఆయన నాకిచ్చిన లాప్‌టాప్ ఏదో పెద్ద కంపెనీ వాళ్లు వాడి వాడి వదిలేస్తే నందిగామలోని సెకండ్‌హ్యాండ్ కొట్టుకి చేరి, అక్కణ్ణుంచి మా ఆఫీసుకొచ్చిన నల్లటి, బరువైన మిషను. దాని ఎదురుగా బిగుసుకుని కూర్చుంటే తెర మీద మిరపకాయ కాస్త పాలిపోయినా మిరపకాయలాగే ఉండేది. కొంచెం లేచి చూస్తే వేరుశనక్కాయ తొక్కలా వెలిసిపోయేది, కాస్త జారబడితే బొగ్గయ్యేది. (అందుకని ఆ ఏడాదంతా నిటారుగా కూర్చున్నాను. ఉద్యోగంలో చేరాక పిల్లాడికి ఒద్దిక వచ్చిందని మా అమ్మ చుట్టుపక్కల చెప్పుకుంది.)

నా పని సరుకు ఫొటోలు తీసి కొనేవాళ్లకి మెయిల్ చెయ్యడం. తెల్లగుడ్డ మీద కాయలు పోసి, పెదబాబు గారు గుప్పెడు తీసి అరచేతిలో పట్టుకుంటే ఫొటో తీసేవాణ్ణి. చేతిలో ఉంటేనే కాయ పొడుగెంతో కొనేవాడికి తెలుస్తుందని మా పేట వ్యాపారుల పద్ధతి. పెదబాబు గారిది ఒకటే మాట. "ఉన్నదున్నట్టు కనపడాలబ్బాయ్. పిసరు ఎక్కువ కాకూడదు, పిసరు తక్కువ కాకూడదు." ముప్పై ఏళ్ల వ్యాపారంలో కాయకి రంగు కలపడమనే పాపం ఎరగని మనిషి ఆయన. ఆ మాట నేను వేదంలా పట్టుకున్నాను. లాప్‌టాప్‌లో ఫొటోలన్నీ పాలిపోయి కనపడేవి కదా, నిజం కాయ ఒకటి తెచ్చి తెరకి ఆనించి పట్టుకుని, రెండూ ఒక్కలా కనపడేదాకా ఫొటోలో ఎరుపు పెంచుకుంటూ పోయేవాణ్ణి. అంత నిజాయితీగా పనిచేసేవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడనుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఒక కారం కంపెనీ మేనేజరు గారు ఫోన్ చేశారు. కోల్డు స్టోరేజీలో ఉన్న మా సరుకంతా ఆయనే తీసుకునే మాట నడుస్తోంది. పెదబాబు గారు నవ్వుతూ ఎత్తారు. కాసేపటికి ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఏందండీ మీరనేది? నా సరుక్కి నేను రంగేసానా?"

అవతలాయన గొంతు నాకూ వినపడుతోంది. "ఫొటోలోనే కనపడతందిగా పెదబాబు గారూ. రంగు మీ చేతికి కూడా అంటుకుంది. రేపు పొద్దున నందిగామ వస్తున్నా, శాంపిలు తీసుకురండి. తేడా వస్తే మీకూ మాకూ సెలవు."

ఫోన్ పెట్టేసి ఆయన తన అరచెయ్యి చూసుకున్నారు, తర్వాత నా లాప్‌టాప్‌లో ఉన్న అరచెయ్యి చూశారు. రెండూ ఒకటే రంగు. "నీకేమన్నా కనపడతందిరా?" అన్నారు. "ఏం లేదండి, బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. అన్నానే గానీ, ఆ ఫొటో మీద చెయ్యి పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడు ఆయన కారులో శాంపిలు సంచి ఒళ్లో పెట్టుకుని, లాప్‌టాప్ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా పెదబాబు గారు తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉన్నారు. తిడితే బాగుండుననిపించింది. శాంపిలు బంగారం లాంటిది, చూస్తే మేనేజరు గారే ఒప్పుకుంటారని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను. తీరా నందిగామలో ఆ మేనేజరు గారు కాయ విరిచి, వాసన చూసి, వేళ్లతో నలిపి, "సరుకు మంచిదే," అన్నారు. అమ్మయ్య అనుకునేలోపే, "కానీ ఫొటోలో సరుకు ఇది కాదుగా. చూపించేదొకటి, తెచ్చేదొకటా?" అన్నారు. అంటే మంచి సరుకు తెచ్చి ఇంకా ఇరుక్కుపోయాం. ఆయన తన కొత్త లాప్‌టాప్ తెరిచి మా వైపు తిప్పారు. పెళ్లికూతురి పారాణి అరికాలికి కాకుండా పెదబాబు గారి అరచేతికి పెట్టినట్టుంది. కాయలైతే నిప్పులే.

"తప్పు నాదండి. ఎరుపు పెంచింది నేనే," అన్నాను. ఇద్దరూ నన్ను చూస్తుంటే భయం కొద్దీ మాట ఎటు పోతోందో తెలియకుండా, "ఒక్క ఐదు నిమిషాలు ఆ లాప్‌టాప్‌ల కొట్టుకి రండి, చూపిస్తా," అనేశాను. కొట్టాయన్ని అందరూ సెకండ్స్ భాయ్ అంటారు. ఆయన మా గోల విని బల్ల మీద మా పాతదాని పక్కన నాలుగు పాత, రెండు కొత్త ఆఫీసు లాప్‌టాప్‌లు వరసగా తెరిచి, నా పెన్‌డ్రైవ్ ఒక్కొక్క దానికీ పెట్టాడు. మా పాతదాంట్లో చెయ్యి చెయ్యిలాగే ఉంది. రెండోదాంట్లో కాస్త ఎండదెబ్బ తగిలింది. అలా ఒక్కొక్కటీ ఎర్రబడుతూ చివరి కొత్తదానికొచ్చేసరికి చెయ్యి కాలిపోయింది. "పాతవాటికి చూపు మందంగా ఉంటదండీ," అన్నాడు భాయ్, కళ్లజోడు అమ్మేవాడిలా. మేనేజరు గారు నేను తీసిన, ఎరుపు పెంచని అసలు ఫొటో కూడా పెట్టించుకుని, పెదబాబు గారి చెయ్యి పట్టుకుని తెర పక్కన పెట్టి చూసి, రెండూ కలిశాయని తేల్చుకుని మా వైపు తిరిగారు.

"మరి ఇంత పాతది పెట్టుకుని రంగులెట్లా చూస్తున్నాడండీ మీ కుర్రాడు? వీణ్ణి నమ్మి నేను రేపు సరుకెట్లా కొనేది?"

నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు పెదబాబు గారు గొంతు సవరించుకుని, "వాణ్ణేం అనమాకండి. ఈ స్క్రీన్ పనికిరాదు, మార్చండని ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటన్నాడు. నేనే పట్టించుకోలా," అన్నారు.

నెల కిందట కొత్తది కొందామా అని అడిగింది ఆయన. ఎందుకండీ, దీనంత గొప్పది దొరకదు అన్నది నేను. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఎరగని ఆ మనిషి నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

మేనేజరు గారు నవ్వి, సరుకు ఖాయం చేసుకుని వెళ్లారు. మేం బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాం. ముందు రోజు మధ్యాహ్నం నుంచి మెతుకు దిగలేదేమో, నేను రెండు ప్లేట్ల ఇడ్లీ ఊపిరాడకుండా తినేసి, మూడోది చెబితే బాగుంటుందా అని ఆలోచిస్తుంటే ఆయనే చెప్పారు. తను మాత్రం కాఫీ తాగుతూ బయటకి చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు తలచుకుంటే ఆ ఇరవై రెండేళ్ల వాణ్ణి రెక్క పట్టుకుని లేపి, ఆయనకి ఒక్క దణ్ణం పెట్టరా అని చెప్పాలనిపిస్తుంది. వాడేమో సర్వరుని పిలిచి ఇంకొంచెం చట్నీ వెయ్యమంటున్నాడు.