చావులేని జార్లు

కపితోలినా సవేల్యెవ్నా నోట ఏ చక్రవర్తీ చచ్చిపోడు.

పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కో దాకా నది మీద వెళ్ళే ఓడలో ఆవిడ చరిత్ర చెప్పేది. పట్టాభిషేకాలు, పెళ్ళిళ్ళు, అద్దాల గదులు, విందులు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. తీరా ఆయువు మూడే ఘట్టం వచ్చేసరికి చక్రవర్తికి నిద్ర ముంచుకొచ్చేది.

"పావెల్ చక్రవర్తి కొత్త కోటలో భోంచేశారు. పడుకున్నారు."

"తర్వాత?" అనేవాడు వెనక వరసలోని పెద్దమనిషి.

"తర్వాతేముంది నాయనా, మంచి పరుపు."

"మరి కేథరిన్ మహారాణి మొగుడు?"

"గద్దె దిగి పల్లెలో విశ్రాంతి తీసుకుంటున్నారు."

"ఇప్పటికీనా?"

"నేనైతే లేపలేదు."

టికెట్టు కొన్నందుకు ఒక్క హత్యయినా దక్కలేదని ఫిర్యాదులు వెళ్ళాయి. ఓడ మేనేజరు రోదియోన్ ఇల్యీచ్ ఆవిడను పిలిపించాడు.

"రేపు ఊగ్లిచ్ ఊళ్ళో ఆగుతాం. ఎనిమిదేళ్ళ రాకుమారుడు ద్మీత్రి గొంతు తెగి పడిపోయిన చోటే చర్చి కట్టారు. దాని పేరులోనే నెత్తురుంది. అక్కడ కూడా పిల్లాణ్ణి బతికించారో, మాస్కోలో దిగాక మళ్ళీ ఈ ఓడ ఎక్కక్కర్లేదు."

"ప్రయత్నిస్తానండీ," అందావిడ.

మర్నాడు ఆయన స్వయంగా వచ్చి చర్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రాకుమారుడు పెరట్లో కత్తితో ఆడుకుంటున్నాడు. పిడికిట్లో పప్పులు. అప్పుడు..."

ఆవిడ ఆగి ముందు వరసకేసి చూసింది. రోదియోన్ కూడా అటే చూశాడు. నల్ల రుమాలు కట్టుకున్న అగ్రఫేనా ముసలమ్మ తల వంచుకుని నిలబడి ఉంది. మొదటి రోజు ఓడ ఎక్కిస్తూ ఆమె కూతురు ఆయనతో అంది: "చలికాలంలో మా పిల్లాడు పోయాడండీ. అప్పట్నించీ అమ్మ నోరు విప్పలేదు. నాలుగు మేడలు చూస్తే మనసు మళ్ళుతుందేమోనని..." ఆయన వాళ్ళకు గది తాళం ఇచ్చి, ఆ మాట అక్కడే మరిచిపోయాడు.

"అప్పుడు?" అన్నాడు పెద్దమనిషి.

"అప్పుడు వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది."

"మరి ఆ రోజు ఊరి గంట ఎందుకు మోగిందమ్మా? మోగిందనే కదా, ఆ గంట నాలుక పీకి సైబీరియాకి తోలారు?"

"భోజనానికే మోగింది. వేళ తప్పి మోగించారని శిక్ష."

పెద్దమనిషి మేనేజరుకేసి చూశాడు. అందరూ అటే తిరిగారు. రోదియోన్ గొంతు సవరించుకున్నాడు.

"భోజనంలోకి ఏం చేశారు?"

"క్యాబేజీ కూరి కాల్చిన పిరోగ్ రొట్టె," అంది కపితోలినా.

"ఎనిమిదేళ్ళవాడు క్యాబేజీ తింటాడుటే, పిచ్చిదానా?"

బొంగురుపోయిన ఆ గొంతు అగ్రఫేనాది. "ఆపిల్‌ది చేసుంటుంది. అదీ లోపలిది నాకేసి, అంచులు బల్ల కింద పడేస్తాడు."

"ఆపిల్‌దే," అని మేనేజరు ఖరారు చేశాడు. "ఇకమీదట అలాగే చెప్పండి, కపితోలినా సవేల్యెవ్నా. చరిత్ర తప్పు చెప్పకూడదు."