చెంచా పిడి కొలత

అన్నీ పుస్తకాల్లోనే దొరుకుతాయని నమ్మే నాలాంటివాళ్ల కోసం ఇది రాసిపెట్టాలి. వేళ్లు పూర్తిగా ముడవలేని అమ్మ తన చేత్తో తినాలని, చిక్కడపల్లి గ్రంథాలయంలో చదివిన కొలతలతో చెంచా పిడి గీశాను. అశోక్‌నగర్‌లో అందరూ వాడుకునే ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్‌పై మూడుసార్లు తీస్తే, మూడూ అమ్మ చేతిలోంచి జారిపోయాయి. నాలుగోది తిప్పి తిప్పి చూస్తూ బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను.

పక్క సీటు పెద్దావిడ "ఏందది, తమ్మీ?" అంది. చెప్పాను.

"అమ్మ చెయ్యి కొలిచినవా?"

"కొలతలు పుస్తకంల ఉన్నయమ్మా."

"బువ్వ తినేది పుస్తకమా?" అంటూ సంచిలోంచి మెత్తటి సపోటా తీసి, పిడికిట్లో ఒత్తి నాకిచ్చింది. దానిమీద ఆమె వేళ్ల అచ్చు పడింది. "మీ అమ్మతోని గిట్ల ఒత్తించు."

ఆ సాయంత్రం అమ్మ చపాతీ పిండి ముద్దను ఒత్తింది. ఆ అచ్చుతో చేసిన ఐదో పిడి జారలేదు.

పుస్తకాలు వెతికిచ్చిన నరహరి గారికి, విసుక్కోకుండా ఐదుసార్లు ప్రింట్ తీసిన శ్రీలతకు కృతజ్ఞతలు. సపోటా ఇచ్చినావిడ పేరు అడగకుండానే నారాయణగూడలో దిగిపోయాను.