హలో అక్క

"పాపకి మళ్లీ ఫిట్స్ వస్తే డాక్టర్ని ఎలా పిలుస్తారు? ఈ ఫోన్లో మన మాట అవతలికి వినపడట్లేదుగా!" అని పిల్లల వార్డులో నేను నర్సు మీద అరుస్తుండగా హలో అక్క వచ్చింది. ఆస్పత్రిలోని ఇంటర్నెట్ ఫోన్లన్నిటినీ కంప్యూటర్ తెర మీద కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. అయినా దారిలో కనపడ్డ ప్రతి ఫోనూ ఎత్తి "హలో" అంటుంది, అందుకే ఆ పేరు. "తెర మీద ఈ ఫోను పక్కన పొద్దుటి నుంచీ పచ్చచుక్కే! పచ్చగా ఉంటే కుర్చీ దిగొద్దంటాడు మా సారు" అని పళ్లు నూరుతూ రిసీవర్ తీగ మార్చింది. అయినా మాట వెళ్లలేదు. "కొత్త తీగట, దాని మొహం!" అంటూ ఇంకోటి తగిలించింది. ఈసారి అవతల డాక్టరు "ఆఁ, చెప్పండి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, "చుక్కని చూస్తూ కూర్చోకమ్మా, లేచి వెళ్లి విను" అంది. ఇప్పుడు ఇంట్లో, పాప ఊపిరి లెక్కపెట్టే యంత్రం ఉయ్యాల పక్కన పచ్చగా వెలుగుతున్నా, నేను లేచి వెళ్లి పాప గుండెకి చెవి ఆనించి వింటున్నాను.