కాళ్లు కట్టిన కోడి

నేను మాంసం మానేసింది పుణ్యం కోసం కాదు. వనపర్తిలో అద్దె గదిలో ఒక నాటుకోడికి మ్యాజిక్ నేర్పాను, అంతే. ఖాళీదని చూపించిన గంప మీద గుడ్డ కప్పి లాగితే అందులోంచి అది లేచి నిలబడాలి. అంతవరకు అడుగున దాచిన అరలో కిక్కురుమనకూడదు. ఎంత ఓపిక దానికి! గద్వాలలో స్కూలు ప్రోగ్రాములు, నాగర్‌కర్నూల్‌లో పెళ్లి రిసెప్షన్లు, ఎక్కడా నా పరువు తీయలేదు. సాధన అయ్యాక నా ఒళ్లోనే కునుకు తీసేది. దాన్ని దించి హోటల్‌కు పోయి బిర్యానీ ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మళ్లీ ఎప్పుడూ దిగలేదు.

పెళ్లి కాని కుర్రాడు మా పాలమూరులో ముక్క ముట్టనంటే ఎవరు ఊరుకుంటారు? "గీ వయసుల తినకుంటే ఇంకెప్పుడు తింటవ్ రా, పండ్లూడినంక తింటవా?" అని దోస్తులు ఏడిపించేవారు. అమ్మ అయితే ఏ పిల్ల కోసమో మానేశానని కొన్నాళ్లు నా ఫోన్ మీద కన్నేసింది. నాకు వాదించే ఓపిక లేదు. అందుకే ప్రోగ్రాంకు పోయిన చోటల్లా దేవుళ్లను అడ్డం పెట్టుకునేవాణ్ణి. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శనివారం వెంకన్న. జోకులు చెప్పి బతికేవాడికి ఆ మాత్రం అబద్ధం ఒక లెక్కా! ఆదివారానికే నాకు దేవుడు దొరకలేదు. దావత్‌లన్నీ ఆదివారమే.

మానవపాడు దగ్గర ఒక ఊళ్లో పుట్టెంటికలు తీసే ఫంక్షన్‌లో ప్రోగ్రాంకు పిలిచారు. ఆదివారం. పిల్లాడి నాయనమ్మ నన్ను చూడగానే, "ఏం గింత బక్కగున్నవ్ బిడ్డా, మీ అమ్మ అన్నం పెడ్తలేదా?" అంది. ముందు జోకులు, పేకముక్కలు. కోడి ఆట అన్నాల తర్వాత. అంతవరకు దాన్నెక్కడ పెట్టాలి? వాకిలి నిండా కుక్కలు. పారిపోకుండా మెత్తటి గుడ్డతో కాళ్లు కట్టి అవ్వ చేతికిచ్చాను. "అవ్వా, గిది నీ తాన ఉండనీ."

"ఎందుకు బిడ్డా గియన్నీ!" అని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం ఎందుకో ఆలోచించే తీరిక నాకు లేదు, జనం కూర్చున్నారు.

ఆ వైపు ఊళ్లలో ఫంక్షన్‌కు వచ్చినవాడు కాళ్లు కట్టిన కోడిని ఇంటామె చేతిలో పెడితే అర్థం ఒక్కటే. బస్టాండు పక్కన పెరిగినవాణ్ణి, ఆ ముచ్చట నాకెవరు చెప్పాలి?

షామియానా కింద అందరూ విరగబడి నవ్వారు. నేను మంచి హుషారులో ఉన్నాను. అన్నాల వేళ అందరికీ మటన్ వడ్డిస్తుంటే, అవ్వ నన్ను బంతి చివర కూర్చోబెట్టి ఒక చిన్న గిన్నె మూత తీసి వడ్డించింది.

"అందరికి యాటకూర. నీకు మాత్రం నువ్వు తెచ్చిన కోడే. సాయిబుతోని కోయిచ్చి నేనే పులుసు పెట్టిన. పడుసు పోరనివి, కడుపునిండ తిను."

ఏమనాలి ఆమెను? పొయ్యి ముందు కూర్చుని కూర్చుని ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

ఏ దేవుడూ గుర్తుకు రాక మొదటిసారి నిజం చెప్పాను. "అవ్వా, నేను ముక్క తినను. అది కూరకు తెచ్చింది కాదు. నా ఆట కోడి. నేను సాదుకున్న కోడి. నా ఒళ్లనే పండుకునేది." చెప్తూ చెప్తూ అంతమందిలో ఏడ్చేశాను.

బంతిలో చేతులు ఆగాయి. ఆ తర్వాత అందరూ పగలబడి నవ్వారు. పొద్దుట్నుంచి నేను ఏం చెప్పినా నవ్వుతున్నవాళ్లు ఇప్పుడెందుకు ఆగుతారు? ఒకాయనకు పొలమారింది. ఇంకొకతను ఫోన్ తీసి వీడియో పట్టాడు. "ఒట్టు, నిజం చెప్తున్న" అంటే ఇంకా నవ్వారు. నా మీద నాకే ఎంత కోపం వచ్చిందో! జనాన్ని ఎప్పుడు నవ్వించాలో నాకు తెలుసని మురిసేవాణ్ణి. నవ్వు ఎట్లా ఆపాలో నాకెవరూ నేర్పలేదు. అంత పెద్ద నవ్వు నాకు ఏ స్టేజీ మీదా రాలేదు.

అవ్వ కూడా నవ్వు ఆపుకోలేక కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా చెంప నిమిరింది.

"అబ్బ, ఏడ్సుడు గూడ ఎంత మంచిగ చేస్తవ్ బిడ్డా!" అని, గిన్నెలో వెతికి ఇంకో ముక్క నా విస్తరిలో వేసింది.